తొంభై క్షణాల ఖాళీ

నలభై ఒకటో గడి ఎర్రబడింది. సుంకులమ్మ అప్పటికే అటు నడుస్తోంది.

“నలభై ఒకటి ఖాళీ అయింది. ఇరవై రెండు క్షణాలు గడిచాయి,” అని చెవిలో, వరుసలు నడిపే యంత్రం సర్దుబాటు చెప్పింది.

“ఖాళీ కాలేదు. కళ్ళజోడు కింద పడితే తీసుకుంటాండాడు. వంగినప్పుడు బరువు పక్క గడి మీద పడింది.”

“సరిచూస్తున్నాను. మనిషి ఉన్నారు. ధన్యవాదాలు.”

గడి మళ్ళీ ఆకుపచ్చగా మారింది. కళ్ళజోడు తుడుచుకుంటున్న ఆ మనిషికి, ఇంకో అరవై ఎనిమిది క్షణాలు వంగే ఉంటే తన చోటు వేరేవాళ్ళకు పోయేదని తెలియదు. సుంకులమ్మ చెప్పలేదు. వరుసలో నిలబడ్డవాళ్ళకు ఆకాశం గురించి బెంగ ఉండాలి గాని నేల గురించి ఉండకూడదని ఆమె నమ్మకం.

ఓర్వకల్లు రాళ్ళ మధ్య కట్టిన మేఘవనం అనే వినోదవనంలో పద్నాలుగు ఆటలున్నాయి. పదమూడింటి సంగతి ఎలా ఉన్నా, జనం వచ్చేది నింగిబుట్ట కోసం. పద్దెనిమిది కిలోమీటర్ల ఎత్తున తేలే బుడగ నుంచి నేలదాకా ఒకటే మోకు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆ మోకు పట్టుకుని నాలుగు నిమిషాలకొక బుట్ట లేస్తుంది. బుట్టకు ఎనిమిది మంది. పైకి వెళ్ళాక పట్టపగలు ఆకాశం నల్లగా మారి చుక్కలు కనిపిస్తాయి. చూసి దిగినవాళ్ళు కాసేపు మాట్లాడలేరు. తర్వాత వారం రోజులు మాట్లాడుతూనే ఉంటారు.

కింద వరుస తలనేల మీద, అంటే బరువును పట్టే గడుల నేల మీద, నిలబడుతుంది. నిలబడ్డ ప్రతి మనిషి కింద ఒక గడి వెలుగుతుంది. గడి కదిలితే మనిషి కదలాలి, గడి ఆగితే ఆగాలి. తోసుకోవడం లేదు, దూరడం లేదు, “నేను ముందొచ్చాను” అని గొంతు చించుకోవడం లేదు. ఒక గడి మీద తొంభై క్షణాలు బరువు లేకపోతే మాత్రం అది ఖాళీ. ఆ ఖాళీలోకి, పక్కనున్న చల్లగదిలో కూర్చున్న ముందుకట్టు వాళ్ళలో ఒకరిని సర్దుబాటు పిలుస్తుంది.

ముందుకట్టంటే మణికట్టుకు కట్టే నీలం పట్టీ. ప్రవేశరుసుముకు మూడింతలు ధర. దాని మీద రాసి ఉంటుంది: ఎవరినీ వెనక్కి నెట్టం, ఖాళీనే నింపుతాం. ఈ మాటలో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. అందుకే అది అంత బాగా అమ్ముడుపోయింది. కాకపోతే ఖాళీలు ఎవరి వల్ల వస్తాయో పట్టీ మీద రాయలేదు. చంటిపిల్లకు గుడ్డ మార్చడానికి పక్కకు వెళ్ళిన తల్లి, మోకాళ్ళు పట్టేసి రాతి మీద కూలబడ్డ పెద్దాయన, ఎండకు కళ్ళు తిరిగి నీళ్ళ కోసం వెళ్ళిన గర్భిణి. గట్టిగా ఉన్నవాళ్ళు గడి వదలరు. వదిలేవాళ్ళంతా వదలక తప్పనివాళ్ళే. ముందుకట్టువాడు ఎక్కేది వాళ్ళ చోటులోకే.

పన్నెండేళ్ళుగా సుంకులమ్మ ఇక్కడ వరుసదారు. ఆమె తరంలో పాత అమ్మవార్ల పేర్లు మళ్ళీ వాడుకలోకి వచ్చాయి. హిమబిందులూ హారికలూ అవ్వల పేర్లయిపోయాయి. ముప్పై ఎనిమిదేళ్ళ సుంకులమ్మకు ఒక గర్వముంది. దాన్ని ఆమె దాచుకోదు. పద్నాలుగు వరుసల్లో అన్నిటికన్నా తక్కువ ఖాళీలు పడేది ఆమె వరుసలోనే. తోక దగ్గరే నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతుంది: తిన్నారా, తాగినారా, పోయొచ్చినారా, మందులు వేసుకున్నారా. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కుండ నీళ్ళు తనే గడి దగ్గరికి మోసుకొస్తుంది. ఇదంతా ఆమె ఉద్యోగంలో లేని పని.

అందుకే ఆమె మీద పైనుంచి మొట్టికాయలు పడుతుంటాయి. మొన్ననే వరుసల అధికారి జిలానీ పిలిచి చెప్పాడు.

“సుంకులమ్మా, నీ వరుస బాగా నడుస్తాంది, కాదనను. కానీ నీకాడ ఖాళీలు పడల్యా. చల్లగదిలో జనం పేరుకుపోతాండారు. కొంచెం... చూసీ చూడనట్టు ఉండు.”

“నేను చూడకుండా ఉండాలంటే కండ్లు తీసేసి రావాల సార్,” అంది సుంకులమ్మ. జిలానీ మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

ఆ రోజు మూడు గంటలకు వరుస తోక మూసేశారు. ఐదింటికి ఆఖరి బుట్ట. అప్పటిదాకా ఎక్కగలిగేది రెండు వందల నలభై మందే, ఆ రెండు వందల నలభై మందీ నిలబడి ఉన్నారు. ఇక నుంచి ఎవరి గడి పోతే వాళ్ళకు ఈ రోజుకు ఆకాశం లేనట్టే.

నూట ముప్పై ఆరో గడిలో హిమబిందు నిలబడి ఉంది. పొట్టి మనిషి, ముదురు పచ్చ చీర, కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. రేపటితో ఆమెకు అరవై ఐదు నిండుతాయి. అరవై ఐదు నిండినవాళ్ళను నింగిబుట్ట ఎక్కించరు.

ఆమె రావడం ఇది మూడోసారి. పోయిన నెలలో ఒకసారి, పోయిన వారం ఒకసారి. రెండుసార్లూ సుంకులమ్మే డ్యూటీలో ఉంది. హిమబిందుకు చక్కెర జబ్బు, ఎక్కువసేపు ఆపుకోలేదు. రెండుసార్లూ బాత్రూముకు వెళ్ళింది, వచ్చేసరికి గడిలో నీలం పట్టీ మనిషి నిలబడి ఉన్నాడు. పోయిన వారం సుంకులమ్మ ఆమెతో “రూలు పెద్దమ్మా, నేనేం చేసేది” అంది. హిమబిందు తల ఊపి వెళ్ళిపోయింది. ఆ రోజు రాత్రి సుంకులమ్మకు అన్నం సయించలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఈమె ఊరికే వచ్చిన మనిషి కాదు. పైకి కిందికి తిరుగుతున్న ఆ మోకు ఈమె వేళ్ళ మీదుగా పోయింది. మోకుల కర్మాగారంలో ఇరవై రెండేళ్ళు వేలిచూపు పని చేసింది. పేనిన మోకు గంటకు వంద గజాలు కదులుతుంటే రెండు చేతుల మధ్యన జారనిస్తూ, పోగు ఎక్కడ లేచిందో, ఎక్కడ వదులయిందో వేళ్ళతో పట్టుకునే పని. దృష్టియంత్రాలు వదిలేసిన పదకొండు లోపాలను ఆమె వేళ్ళు పట్టాయి. అందులో ఒకటి, వదిలేసి ఉంటే ఈ నేల మీద శవాలు లేచేవి.

“మరి మీకు ఊరికే ఒక ముందుకట్టు ఇస్తామన్నారంటనే, రిటైరయినప్పుడు,” అని మధ్యాహ్నం సుంకులమ్మ అడిగింది.

“ఇస్తామన్నారు. నేనే వద్దన్యా.”

“ఏమి?”

“అది కట్టుకుంటే నన్ను ఏం చేస్తాది? ఇంగో ముసిలిది బాత్రూముకు పోయినప్పుడు దాని గడిలోకి తోస్తాది. అంతేగదా? నేను చేసిన మోకు మీదికి నేను ఆ దావన ఎక్కను మ్మే.”

ఇంత సూటిగా ఆ పట్టీ సంగతి పన్నెండేళ్ళలో సుంకులమ్మకు ఎవరూ చెప్పలేదు. అప్పుడే ఆమె గమనించింది, హిమబిందు పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి.

“పొద్దున్నుంచి నీళ్ళు తాగినారా పెద్దమ్మా?”

హిమబిందు పక్కకు చూసింది.

“తాగల్యా?”

“తాగితే పోవాల్సొస్తాది గదా.”

ఉదయం పదకొండు నుంచి, ఆ ఎండలో, ఒక్క చుక్క లేకుండా. సుంకులమ్మకు కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. కుండ తెచ్చి, చేతిలో గ్లాసు పెట్టి, తాగేదాకా కదలలేదు. రెండు గ్లాసులు తాగించింది. వేరే దారి లేదు. తాగకపోతే పెద్దావిడ ఆ గడిలోనే పడిపోయేది. కానీ ఇంకో గంటలో ఏమవుతుందో తాగించినావిడకూ తెలుసు, తాగినావిడకూ తెలుసు.

మూడున్నరకు చల్లగది తలుపు తీసుకుని ఒకతను కటకటాల దగ్గరికి వచ్చాడు. పేరు ఋషభ్. హైదరాబాదు నుంచి ఒంటరిగా వచ్చాడు. ఒక్కరోజులో పద్నాలుగు ఆటలూ పూర్తిచేయాలని మొక్కుకున్నవాడిలా ఉన్నాడు.

“మేడమ్, ఇక్కడ ఖాళీ ఎప్పుడొస్తుందండీ? నలభై నిమిషాల నుంచి కూర్చున్నాను. మిగతా అన్నిచోట్లా ఐదు నిమిషాల్లో పిలిచారు. పదమూడు అయిపోయాయి, ఇదొక్కటే మిగిలింది.”

“ఈ వరుసలో ఖాళీలు తక్కువ సార్.”

“మరి ఇంత డబ్బు పోసి కొన్నందుకు ఏం లాభం? నిజం చెప్పండి, ఇది కొనదగ్గదేనా కాదా?”

ఈ ప్రశ్నకు వరుసదారులు చెప్పాల్సిన జవాబు ఒకటుంది. సగటున ఆటకు డెబ్బై నిమిషాలు మిగులుతాయని. సుంకులమ్మ అది చెప్పలేదు.

“పదమూడు ఎక్కినారు గదా. ఏది బాగుంది?”

ఋషభ్ నోరు తెరిచాడు. మణికట్టు మీది పట్టీని చూసుకున్నాడు, అందులో వరసగా పేర్లున్నాయి. చదివాడు. “ఆ... జలసుడి. కాదు, జలసుడిలో తడవలేదు కదా, తడిసింది దేంట్లో?” అని తనలో తాను అనుకుని, కాస్త సిగ్గుపడ్డాడు. “అన్నీ బాగున్నాయండీ.”

“సెలవు రోజుల్లో కొంటే దండగ కాదు సార్, జనం ఎక్కువ కాబట్టి ఖాళీలు ఎక్కువ పడతాయి. ఈ రోజు మంగళవారం. పొద్దున్నే వచ్చి నిలబడింటే ఈపాటికి పైకి పోయి దిగింటారు,” అంది సుంకులమ్మ. సరుకు అమ్మే దుకాణంలో నిలబడి సరుకు గురించి నిజం చెప్పడం ఉద్యోగానికి మంచిది కాదని ఆమెకు తెలుసు. కానీ అడిగినవాడి మొహం చూస్తే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

మూడూ నలభైకి హిమబిందు చెయ్యెత్తింది. అప్పటికి యాభై ఆరో గడిలో ఉంది.

సుంకులమ్మ పరుగెత్తుకుంటూ వెళ్ళింది. పెద్దావిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“నా వల్ల కాదు మ్మే. పోవాల.”

బాత్రూములు రెండు వందల అడుగుల అవతల, మెట్లు దిగి మెట్లు ఎక్కాలి. ఆ మోకాళ్ళతో పోయిరావడానికి పావుగంట. తొంభై క్షణాలు ఆమెకు మెట్ల దాకా పోవడానికే చాలవు.

“నేను నిలబడితే?” అంది సుంకులమ్మ.

“వరుసదారు గడిలో నిలబడరాదు,” అని చెవిలో సర్దుబాటు గుర్తుచేసింది.

హిమబిందు తన పాదాల వైపు చూసుకుంది. తర్వాత రెండు చెప్పులూ విడిచి, వంగి, వాటిని గడి మధ్యలో జతగా పెట్టింది. వెనక గడిలో ఉన్న మనిషి వైపు తిరిగింది. అతను మద్దిలేటి, పొలాల మీద మందు చల్లే ఎగిరేయంత్రాలు బాగుచేసే మెకానిక్. పెళ్ళాంతో కలిసి వచ్చాడు.

“నాయనా, కొంచెం జరుపుతుండు.”

“పోయి రా అవ్వా, నేను చూసుకుంటా,” అన్నాడు మద్దిలేటి, ఇది రోజూ జరిగే పనే అన్నట్టు.

హిమబిందు ఉత్తకాళ్ళతో, కాలుతున్న నాపరాళ్ళ మీద, మెట్ల వైపు నడిచింది.

సుంకులమ్మ అక్కడే నిలబడిపోయింది. చిన్నప్పుడు చూసిన దృశ్యం ఇది. నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు, విత్తనాలిచ్చే రోజు, తెల్లవారుజాము నుంచి జనం నిలబడేవాళ్ళు. ఎండ ఎక్కాక మనుషులు నీడకు పోయి, చెప్పులు మాత్రం వరుసలో ఉండేవి. ఒకదాని వెనక ఒకటి, తెగినవి, కుట్టినవి, సైకిల్ టైరుతో చేసినవి. రెండు వందల జతలు. ఆ ఊళ్ళో గట్టు కోసం, గొడ్డు కోసం తలలు పగలగొట్టుకున్న మనుషులున్నారు. కానీ ఇంకొకరి చెప్పులు పక్కకు తోసి ముందుకు పోయిన మనిషి లేడు. చెప్పులున్నాయంటే మనిషి ఉన్నట్టే. తలనేలను కట్టినవాళ్ళు బహుశా ఎప్పుడూ నీళ్ళ కోసం నిలబడి ఉండరు. అందుకే వాళ్ళకు ఈ సంగతి తట్టలేదు.

గడి ఎర్రబడింది.

“యాభై ఆరు ఖాళీ. గడిలో చెత్త పడి ఉంది, మూడు వందల ఇరవై గ్రాములు. ఊడ్పుయంత్రాన్ని పంపుతున్నాను.”

“చెత్త కాదు.”

“వస్తువు. అరవై క్షణాలు గడిచాయి.”

మోకు తిరిగింది, బుట్ట లేచింది. గడులు ఎనిమిదేసి ముందుకు జరిగాయి. మద్దిలేటి కాలితో చెప్పులను మెల్లగా తోస్తూ వెలుగుతో పాటు నడిచాడు. అవి ఒకదానికొకటి దూరం జరిగితే అతని పెళ్ళాం వంగి జతచేసింది. ఊడ్పుయంత్రం రాతి సందులోంచి వచ్చి చెప్పుల ముందు ఆగింది. మద్దిలేటి దాని ముందు కాలు అడ్డం పెట్టాడు. అది మర్యాదగా ఆగి, మర్యాదగా ఇంకోవైపు నుంచి వచ్చింది. ఈసారి ముందున్న వాళ్ళెవరో కాలు పెట్టారు.

“తొంభై క్షణాలు పూర్తి,” అంది సర్దుబాటు. చల్లగది తలుపు మీద దీపం వెలిగింది. ఋషభ్ ఉత్సాహంగా బయటికి వచ్చాడు. తన పట్టీ చూపిన గడి దగ్గరికి వచ్చి, కిందికి చూసి, ఆగిపోయాడు.

“ఇవెవరివి?”

“అవ్వవి,” అన్నాడు మద్దిలేటి. “ఇప్పుడొస్తాది.”

“కానీ నన్ను పిలిచారు.”

“పిలిస్తే పిలిచినారులే అప్పా. కాళ్ళు పెట్టే చోటుందేమో చూడు.”

ఋషభ్ చెడ్డవాడు కాదు. డబ్బు కట్టాడు, మాట ఇచ్చారు, పిలిచారు, వచ్చాడు. కాలు ఎత్తి చెప్పుల పక్కన పెట్టబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో అతనికే తెలియదు. వాళ్ళమ్మ ఎప్పుడో ఏదో చెప్పి ఉంటుంది. అతను సుంకులమ్మ వైపు తిరిగాడు.

“మేడమ్, మీరు చెప్పండి. ఇది ఖాళీయా, కాదా?”

వరుస మొత్తం ఆమె వైపు చూసింది.

వరుసదారుకు మేఘవనం ఒకే ఒక్క అధికారం ఇచ్చింది. దాని పేరు సాక్షిమాట. తలనేల బరువును చూస్తుంది, మనిషిని చూడలేదు. చంకలో ఉన్న బిడ్డను, చంకకర్రల మీద బరువు మోపిన మనిషిని అది పోల్చుకోలేదు. అలాంటప్పుడు వరుసదారు కళ్ళారా చూసి “మనిషి ఉంది” అంటే సర్దుబాటు ఒప్పుకోవాలి. ఎదురు ప్రశ్న వేయకూడదు. పన్నెండేళ్ళలో సుంకులమ్మ దాన్ని నాలుగుసార్లు వాడింది, నాలుగుసార్లూ బిడ్డల కోసమే. అబద్ధపు సాక్షిమాట చెప్తే ఉద్యోగం పోతుంది.

ఇది అబద్ధమా? ఆమె తనను తాను నిజంగానే అడిగింది. పొద్దున పదకొండు నుంచి నిలబడ్డ మనిషి, నీళ్ళు మానుకుని నిలబడ్డ మనిషి, పావుగంట పక్కకు పోతే లేనట్టేనా? పోయిన వారం “రూలు పెద్దమ్మా” అన్నది తనే. ఇంకోసారి ఆ మాట అనడానికి మొహం చెల్లదు.

“గడిలో మనిషి ఉంది,” అంది సుంకులమ్మ. “చెప్పులుంటే మనిషి ఉన్నట్టే. నేను సాక్షి.”

సర్దుబాటు రెండు క్షణాలు తీసుకుంది. ఆకాశంలో ముప్పై ఆరు కిలోమీటర్ల మోకును గాలివాటానికి తగ్గట్టు తిప్పే యంత్రానికి రెండు క్షణాలంటే చాలా ఎక్కువ.

“సాక్షిమాట నమోదైంది. గడి ఖాళీ కాదు.”

ఎరుపు పోయి ఆకుపచ్చ వెలిగింది. వరుసలో ఎవరో ఈల వేశారు.

అక్కడితో అయిపోయి ఉంటే అయిపోయేది. కానీ ఒక వరుసలో చెల్లిన సాక్షిమాట పద్నాలుగు వరుసల్లోనూ చెల్లాలి, లేకపోతే జనం తగువులాడతారు. కాబట్టి సర్దుబాటు తన పద్ధతి ప్రకారం, స్పష్టమైన గొంతుతో, మేఘవనమంతటా ప్రకటించింది. “గమనిక. పాదరక్షలు ఉన్న గడిని ఖాళీగా పరిగణించము.”

జనం ముందు నవ్వారు. తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత నింగిబుట్ట వరుసలోనే వందో గడిలో ఒకామె చెప్పులు విడిచి, బిడ్డను ఎత్తుకుని పక్కకు వెళ్ళింది. ముందువెనకల వాళ్ళు అడక్కుండానే ఆ చెప్పులను తోసుకుంటూ నడిచారు. ఎవరికి ఎవరూ నేర్పలేదు.

హిమబిందు తిరిగి వచ్చేసరికి చెప్పులు ఇరవై నాలుగో గడికి చేరాయి. పాదాలు కాలకుండా కుళాయి కింద తడుపుకుని వచ్చినట్టుంది, నాపరాళ్ళ మీద తడి అడుగులు పడుతున్నాయి. దూరం నుంచే ఆమె గడి వైపు చూసింది. మొదట నీలం పట్టీ మనిషి పక్కన నిలబడి కనిపించాడు. ఆమె నడక ఆగిపోయింది. ఋషభ్ అది చూసి, రెండడుగులు పక్కకు జరిగి, చేత్తో చెప్పులను చూపించాడు.

ఆమె వచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. మద్దిలేటి భుజం తట్టింది. సుంకులమ్మ వైపు చూసి గడ్డం పైకెత్తింది.

నాలుగూ ఐదుకు జిలానీ స్వయంగా వచ్చాడు. పద్నాలుగు వరుసలు తిరిగి వచ్చిన మనిషి, చొక్కా వీపుకు అంటుకుపోయింది. హిమబిందుకు ముందు అప్పటికి ఏడుగురే ఉన్నారు. తర్వాతి బుట్టలో ఆమె ఎనిమిదో మనిషి.

“ఏం పని చేసినావు సుంకులమ్మా! మేఘవనం మొత్తంలో ఒక్క ఖాళీ లేదు. ఒక్కటంటే ఒక్కటి. ముందుకట్టు అమ్మకం సర్దుబాటే ఆపేసింది, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేనని.”

“నేను చూసింది చెప్పినా సార్.”

“చూడు, టైముంది. ఆ గడి మనిషి బుట్ట ఎక్కి తలుపు పడేలోపు నువ్వు వెనక్కి తీసుకుంటే సాక్షిమాట లేనట్టే. పొరపాటు అను చాలు. నీ ఉద్యోగానికేం కాదు.” అతను గొంతు తగ్గించాడు. “ఆ యమ్మ సంగతి నాకొదిలెయ్. స్టాఫ్ బుట్టలో ఐదింటికి నేనే పంపిస్తా. నా మాట. ఆమెకు పైకి పోవాల, అంతేగదా నీక్కావాల్సింది?”

జిలానీ మాట ఇస్తే నిలబడతాడు. అది సుంకులమ్మకు తెలుసు. పెద్దావిడ ఎలాగూ పైకి పోతుంది, తన ఉద్యోగం ఉంటుంది, అందరూ సుఖంగా ఇంటికి పోతారు. కాదనడానికి కారణమేమీ కనిపించడం లేదు.

ఆమె వెనక్కి తిరిగి వరుసను చూసింది. ముప్పై జతల దాకా ఉన్నాయి. బూట్లు, స్లిప్పర్లు, గజ్జెలు కుట్టిన పసిపిల్ల చెప్పులు. వాటి మనుషులు కొందరు రాళ్ళ నీడన కూర్చున్నారు. కుళాయి దగ్గర ఒక ముసలాయన తీరిగ్గా మొహం కడుక్కుంటున్నాడు. వందో గడిలోంచి వెళ్ళిన తల్లి మెట్లెక్కి వస్తోంది. పిల్లను భుజాన వేసుకుని, నడుస్తోంది. పన్నెండేళ్ళలో వరుస వదిలివెళ్ళిన తల్లులందరినీ సుంకులమ్మ పరుగెత్తుతూనే చూసింది. ఒకరైనా నడవగా చూడలేదు. ఇది నా వరుస, అనుకుంది.

బుట్ట వచ్చి ఆగింది. ఏడుగురు ఎక్కారు. హిమబిందు గడప దగ్గర ఆగి, జిలానీనీ సుంకులమ్మనూ మార్చి మార్చి చూసింది. ఏదో బేరం నడుస్తోందని ఆమెకు అర్థమైనట్టుంది.

“ఎక్కమంటావా మ్మే? ఎక్కొచ్చునా?”

“మీ గడి పెద్దమ్మా. మీ ఇష్టం.”

ఆమె ఎక్కింది.

“సాక్షిమాట ఉపసంహరించుకుంటారా?” అని సర్దుబాటు అడిగింది. “తలుపు మూయడానికి తొమ్మిది క్షణాలు.”

“సుంకులమ్మా,” అన్నాడు జిలానీ.

“తీసుకోను సార్.”

తలుపు పడింది. బుట్ట నేలను వదిలింది. కటకటాల దగ్గర నిలబడ్డ ఋషభ్ చల్లగదికి పోకుండా తల పైకెత్తి చూస్తున్నాడు. బుట్టలో ఏడుగురూ ఆకాశం వైపు చూస్తున్నారు. హిమబిందు మాత్రం కిటికీకి ముఖం ఆనించి, పక్కనే సాగుతున్న మోకును చూస్తోంది. గాజు మీద ఆమె వేళ్ళు మోకుతో పాటు కదులుతున్నాయి.

జిలానీ చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. కోపగించుకోవడానికి కూడా ఓపిక లేనట్టు గోడకు ఆనుకున్నాడు.

“చల్లగదుల్లో ఆరు వందల మంది ఉండారు. సర్దుబాటేమో, వాళ్ళకేం చెప్పాల్నో తనకు తెలీదని నన్ను అడుగుతాంది. ఏం చెప్పమంటావు?”

నలభై ఒకటో గడి మళ్ళీ ఎర్రబడింది. సుంకులమ్మ అటు నడుస్తూ వెనక్కి తిరిగింది.

“వరుసలో నిలబడమని చెప్పండి సార్. నిలబడితే నేను చూసుకుంటా.”